బొమ్మ ఇటుకకు బుద్ధొచ్చింది!

ఇటుక మీద ఇటుక పేరిస్తే ఇల్లవుతుంది. ఆ ఇటుకల మధ్య ఓ బుల్లి కంప్యూటర్‌ని పెడితే..? నడిచే రోబో అవుతుంది. స్టేషన్ రాగానే తనంతట తానే ఆగే రైలవుతుంది. కంపెనీ ఇచ్చిన ప్రోగ్రాముతో సరిపెట్టుకోకుండా సొంతంగా సాఫ్ట్‌వేర్ రాసి, దాన్ని అందరికీ ఉచితంగా పంచిపెట్టిన కొందరు అభిమానులు ఈ ఆటకు కొత్త దారి చూపించారు. లెగో రోబోలు, రైళ్ల వెనకున్న ఆసక్తికరమైన కథ ఇది.

బొమ్మ కొనిచ్చిన మర్నాడే దాన్ని విప్పి చూసే పిల్లలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. 'అంత డబ్బు పోసి కొంటే పాడుచేశావా' అని కేకలేయడం మనకూ అలవాటే. 1998లో అమెరికాలో ఓ కుర్రాడు సరిగ్గా ఆ పనే చేశాడు. అతని పేరు కెకోవా ప్రౌడ్‌ఫుట్. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం విద్యార్థి. అతను విప్పి చూసింది లెగో కంపెనీ అప్పుడే మార్కెట్లోకి తెచ్చిన రోబో బొమ్మని. విప్పడమంటే మరలు ఊడదీయడం కాదు. లోపలున్న కంప్యూటర్ ఏ భాష మాట్లాడుతుందో, ఏ ఆజ్ఞకు ఎలా కదులుతుందో ఒక్కొక్కటిగా పట్టుకుని, తెలుసుకున్నదంతా ఇంటర్నెట్‌లో పెట్టేశాడు. బొమ్మ అమ్మకానికి వచ్చిన కొద్ది వారాల్లోనే దాని గుట్టంతా రట్టయింది.

కోట్లు ఖర్చుపెట్టి తయారుచేసిన కంపెనీకి కోపం రావాలి కదా! కోర్టు నోటీసులు వెళ్లాలి కదా! అలాంటిదేమీ జరగలేదు. ఎందుకు జరగలేదో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

వడ్రంగి ఇంట పుట్టి...

డెన్మార్క్‌లోని బిలుండ్ అనే చిన్న ఊళ్లో ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి ఉండేవాడు. ఆర్థిక మాంద్యంతో ఇళ్ల పనులు తగ్గిపోవడంతో 1932లో చెక్కబొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. రెండేళ్ల తర్వాత తన సంస్థకు 'లెగో' అని పేరు పెట్టుకున్నాడు. డేనిష్ భాషలో 'బాగా ఆడుకో' అనే అర్థమిచ్చే రెండు మాటలు కలిపితే వచ్చిన పేరది. ఒకదానిలో ఒకటి గట్టిగా బిగుసుకునే ప్లాస్టిక్ ఇటుకకు పేటెంటు కోసం దరఖాస్తు చేసింది 1958 జనవరి 28న. ఆ ఏడాది తయారైన ఇటుక ఇవాళ్టి ఇటుకకు కూడా చక్కగా అతుక్కుంటుంది. ఎనిమిది బొడిపెలున్న ఒకే రంగు ఇటుకలు ఆరు మీ చేతికిస్తే వాటిని 91.5 కోట్ల రకాలకు పైగా పేర్చొచ్చని గణిత శాస్త్రజ్ఞులు లెక్క తేల్చారు.

ఇన్ని రకాలుగా పేర్చగలిగినా ఇటుకలు కదలవు. 1966లో బ్యాటరీతో నడిచే లెగో రైలు వచ్చింది. అదీ పట్టాల మీద గుండ్రంగా తిరగడమే తప్ప ఎక్కడ ఆగాలో, ఎప్పుడు బయల్దేరాలో దానికి తెలియదు. ఇటుకకు ఆలోచన నేర్పిన ఘనత మాత్రం ఓ గణిత ఉపాధ్యాయుడిది.

తాబేలు చెప్పిన పాఠం

ఆయన పేరు సీమూర్ పాపర్ట్. దక్షిణాఫ్రికాలో పుట్టి, అమెరికాలోని ఎంఐటీలో స్థిరపడ్డారు. పిల్లలకు పాఠం బోధించే యంత్రంగా కంప్యూటర్‌ని చూడటం ఆయనకు నచ్చేది కాదు. కంప్యూటర్ పిల్లలకు నేర్పడం కాదు, పిల్లలే కంప్యూటర్‌కు నేర్పాలనేది ఆయన సిద్ధాంతం. ఎవరికైనా ఏదైనా నేర్పాలంటే ముందు మనకది స్పష్టంగా తెలియాలి కదా! అందుకే 1967లో సహచరులతో కలిసి 'లోగో' అనే ప్రోగ్రామింగ్ భాషని తయారుచేశారు. 'వంద అడుగులు ముందుకు నడువు, కుడివైపు తిరుగు' అంటే తెరమీద తాబేలు గీత గీసుకుంటూ వెళ్లే ఆ పాఠం మన దగ్గరా చాలా స్కూళ్లలో ఉండేది. ఇప్పుడు నలభైల్లో ఉన్న ఎంతోమంది తల్లిదండ్రులకు కంప్యూటర్‌తో తొలి పరిచయం ఆ తాబేలే.

1980లో ఆయన రాసిన పుస్తకం పేరు 'మైండ్‌స్టార్మ్స్'. 1980ల మధ్యలో లెగో కంపెనీ, ఎంఐటీ పరిశోధకులు చేతులు కలిపారు. తెరమీది తాబేలుకు బదులు నిజమైన ఇటుకల బండి నడవాలన్నది వాళ్ల ఆలోచన. ఆ కృషి ఫలించి 1998లో రోబో కిట్ వచ్చినప్పుడు దానికి పాపర్ట్ పుస్తకం పేరే పెట్టారు. అందులో ఆర్‌సీఎక్స్ అనే పసుపు రంగు ఇటుక ఉంటుంది. దానికి మూడు మోటార్లు, మూడు సెన్సర్లు తగిలించుకోవచ్చు. జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. ఇప్పుడు మనం ఫోన్లో తీసుకునే ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు!

తాళం పగిలింది.. తలుపు తెరుచుకుంది

కంపెనీ ఆ బొమ్మని పిల్లల కోసం చేసింది. రంగురంగుల బొమ్మల్ని కంప్యూటర్ తెరమీద ఒకదాని కింద ఒకటి పేర్చితే ప్రోగ్రాము తయారయ్యేది. తీరా చూస్తే ఎగబడి కొన్నవాళ్లలో పెద్దవాళ్లు, ఇంజినీర్లు కూడా పెద్దసంఖ్యలో ఉన్నారు. వాళ్లకు ఆ ప్రోగ్రాము చాల్లేదు. ప్రౌడ్‌ఫుట్ గుట్టు విప్పేసరికి ఇక ఎవరికి తోచినట్టు వాళ్లు అల్లుకుపోయారు. డేవ్ బామ్ అనే ఇంజినీరు 'ఎన్‌క్యూసీ' పేరుతో సి లాంటి భాషని తెచ్చాడు. మార్కస్ నోగా ఏకంగా ఆ ఇటుకకు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌నే రాసి 'లెగోస్' అన్నాడు. హోసె సోలోర్జానో మొదలుపెట్టిన పని 'లెజోస్' పేరుతో జావా భాషని ఆ బుల్లి ఇటుకలోకి దింపింది. ఇవన్నీ ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్లే.

ఓపెన్‌సోర్స్ అంటే..? ఆవకాయ జాడీ అమ్మడం వేరు, ఏ కాయ తెచ్చారో, కారమెంత, ఆవపిండెంత, నూనెంత అని కొలతలతో సహా చెప్పడం వేరు. జాడీ కొనుక్కుంటే ఉన్నది తినాలి. కొలతలు తెలిస్తే ఎవరింట్లో వాళ్లు పెట్టుకోవచ్చు. కారం తగ్గించుకోవచ్చు, వెల్లుల్లి చేర్చుకోవచ్చు. ఆ కొత్త కొలతలు పక్కింటివాళ్లకూ చెప్పొచ్చు. సాఫ్ట్‌వేర్ అసలు రాతని అలా అందరి ముందూ పెట్టడమే ఓపెన్‌సోర్స్.

కంపెనీ ముందు రెండు దారులున్నాయి. కేసులు పెట్టి అందర్నీ ఆపడం, లేదా ఆనందంగా చూస్తూ ఊరుకోవడం. లెగో రెండోదాన్నే ఎంచుకుంది. తమ బొమ్మ అభిమానుల చేతుల్లో ఇంకా తెలివైనదవుతోందని గ్రహించింది. లైసెన్సు ఒప్పందంలోనే విప్పి చూసుకునే హక్కు మీకుందంటూ రాసింది! అక్కడితో ఆగలేదు. తర్వాతి రోబో 'ఎన్‌ఎక్స్‌టీ' రూపకల్పనకు ఇలాంటి అభిమానుల్నే కొందరిని రహస్యంగా పిలిచి సలహాలడిగింది. వాళ్లకి జీతభత్యాల్లేవు. కొన్ని లెగో సెట్లు, తయారీలో ఉన్న నమూనాలే బహుమానం. డెన్మార్క్‌కు విమాన ఛార్జీలూ సొంత జేబులోంచే. అయినా మహా సంబరంగా వెళ్లారు. 2006లో ఆ రోబో వచ్చినప్పుడు దాని లోపలి సాఫ్ట్‌వేర్ రాతని కంపెనీయే బయటపెట్టింది. ఎనిమిదేళ్ల కిందట ఓ విద్యార్థి కష్టపడి కనిపెట్టిన గుట్టుని ఈసారి కంపెనీయే చేతికిచ్చిందన్నమాట.

కంపెనీ ఆపేసినా...

2013లో వచ్చిన ఈవీ3 రోబో లోపల లినక్స్ ఉంది. దాంతో అమెరికాకు చెందిన డేవిడ్ లెక్నర్, ఎన్‌ఎక్స్‌టీ సలహాదారుల్లో ఒకరైన రాల్ఫ్ హెంపెల్ లాంటివాళ్లు కలిసి 'ఈవీ3డెవ్' తయారుచేశారు. ఓ మెమరీ కార్డులో దాన్ని ఎక్కించి రోబోలో పెడితే చాలు, బొమ్మ కాస్తా పూర్తిస్థాయి లినక్స్ కంప్యూటర్ అయిపోతుంది. కార్డు తీసేస్తే మళ్లీ మామూలే. లెక్నర్, నెదర్లాండ్స్‌కు చెందిన లారెన్స్ వాల్క్ కలిసి మొదలుపెట్టిన మరో ప్రాజెక్టు 'పైబ్రిక్స్'. చిన్న చిన్న చిప్‌ల మీద కూడా పనిచేసే 'మైక్రోపైథాన్'ని లెగో ఇటుకల కోసం మలిచారు వీళ్లు. 2019లో లెగో సంస్థ ఈవీ3 కోసం పైథాన్ని విడుదల చేసినప్పుడు వాడుకున్నది ఈ అభిమానుల సాఫ్ట్‌వేర్‌నే.

దీని విలువ అసలు తెలిసొచ్చింది మాత్రం 2022లో. ఆ ఏడాది చివరితో మైండ్‌స్టార్మ్స్ వరసని ఆపేస్తున్నట్లు లెగో ప్రకటించింది. 24 ఏళ్ల ముచ్చట ముగిసింది. ఇలాంటప్పుడు కొనుక్కున్నవాళ్ల గతేంటి? వేలకు వేలు పోసి కొన్న బొమ్మ ఫోన్లోని యాప్ మీద ఆధారపడితే, ఆ యాప్‌ని కంపెనీ పట్టించుకోవడం మానేసిన రోజున బొమ్మ బాగానే ఉన్నా మూలనపడాల్సిందే. ఇది ఒక్క బొమ్మల సమస్యే కాదు. ఇంట్లోని టీవీ నుంచి చేతి గడియారం దాకా సాఫ్ట్‌వేర్‌తో నడిచే ప్రతి వస్తువుదీ ఇదే కథ. డబ్బిచ్చి కొన్నా అది ఎన్నాళ్లు పనిచేయాలో నిర్ణయించేది మనం కాదు. సాఫ్ట్‌వేర్ రాత నలుగురి చేతుల్లో ఉంటే మాత్రం కంపెనీ వదిలేసినా ఇంకెవరో ఒకరు దాన్ని బతికిస్తారు. పాతికేళ్లు దాటిన ఆర్‌సీఎక్స్ ఇటుకలకు ఎన్‌క్యూసీలో ప్రోగ్రాములు రాసుకుని ఆడించేవాళ్లు ఇంకా ఉన్నారంటే కారణం అదే.

ఛుక్ ఛుక్ రైలు.. చెప్పినట్టు వింటుంది

రోబోల తర్వాత వంతు రైళ్లది. 4.5 వోల్టుల బ్యాటరీతో మొదలైన లెగో రైలు తర్వాత 12 వోల్టులకు మారింది. 1991 నుంచి లోహపు పట్టాల్లోంచి 9 వోల్టుల కరెంటు తీసుకుంది. మళ్లీ బ్యాటరీకి వచ్చింది. 2018లో బ్లూటూత్ హబ్ వచ్చింది. ఇంజిన్ పెట్టెలో ఇమిడిపోయే ఆ హబ్‌కి మోటారు, సెన్సర్ తగిలించుకోవచ్చు. ఫోన్లోంచో రిమోట్‌తోనో నడపొచ్చు. ఆ హబ్ ఏ భాషలో మాట్లాడుతుందో వివరంగా చెప్పే పత్రాన్నీ లెగో అదే ఏడాది బహిరంగంగా పెట్టింది.

పైబ్రిక్స్ ఎక్కిస్తే ఈ రైలుకు ఫోన్ అక్కర్లేదు. ప్రోగ్రాము ఇంజిన్‌లోనే ఉంటుంది. మీట నొక్కి పట్టాలమీద వదిలితే చాలు. ఇంజిన్ అడుగున రంగుల్ని గుర్తించే సెన్సర్ బిగించి, స్టేషన్ దగ్గర పట్టాల మధ్య ఎర్ర ఇటుక ముక్క పెట్టాలి. ప్రోగ్రాము తెలుగులో చెప్పాలంటే ఇంతే: మోటారుకు సగం శక్తి ఇవ్వు. ఎరుపు కనిపించేదాకా వెళ్లు. మోటారు ఆపు. పది సెకన్లు నిలబడు. మళ్లీ మొదటినుంచీ చెయ్యి.

వినడానికి బాగానే ఉంది. నడిపితే మాత్రం రైలు స్టేషన్‌లో ఆగి, ఇక కదలనంటుంది! ఎందుకంటే పది సెకన్లయ్యాక బయల్దేరబోయే రైలు అడుగున ఇంకా ఎర్ర ముక్కే ఉంది. సెన్సర్ దాన్ని చూసి మళ్లీ ఆపేస్తుంది. పాపం, రైలు తప్పేం లేదు. చెప్పింది చెప్పినట్టే చేసింది. తప్పు చెప్పడంలో ఉంది. 'బయల్దేరాక ఎరుపు దాటిపోయేవరకూ పట్టించుకోకు' అని ఇంకో మాట చేర్చితే సమస్య తీరిపోతుంది. ఆ ఒక్క వాక్యం తట్టడానికి పదేళ్ల పిల్లకు గంట పట్టొచ్చు. కానీ తట్టిన క్షణంలో ఆ మొహం చూడాలి!

'ఎనిమిది సెకన్లు వెళ్లి ఆగు' అని రాస్తే సెన్సర్ ఖర్చు తగ్గుతుంది కదా అనుకుంటారు పిల్లలు. కొత్త బ్యాటరీలతో రైలు సరిగ్గా ప్లాట్‌ఫాం దగ్గరే ఆగుతుంది. బ్యాటరీ తగ్గేకొద్దీ వేగం తగ్గి అదే రైలు స్టేషన్‌కి ఇవతలే నిలిచిపోతుంది. వెనక ఇంకో రెండు బోగీలు తగిలిస్తే మరీ ముందే ఆగుతుంది. గడియారాన్ని నమ్ముకోవడం కన్నా కళ్లతో చూసుకోవడం మేలన్న సంగతి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. పాపర్ట్ కోరుకున్నది ఇదే. ప్రోగ్రాములో తప్పొస్తే సున్నా మార్కులు పడవు. ఎక్కడ తప్పిందో వెతుక్కుని దిద్దుకోవడమే అక్కడ చదువు.

సికింద్రాబాద్‌లోనూ అదే సూత్రం

ఒకే పట్టాల మీద రెండు రైళ్లు పెడితే ఆట ఇంకా రక్తి కడుతుంది. ముందున్న రైలు ఆగితే వెనకది వచ్చి ఢీకొడుతుంది. పైబ్రిక్స్‌తో ఒక హబ్ మరో హబ్‌కు నేరుగా సందేశం పంపగలదు. అందుకని పట్టాల్ని కొన్ని భాగాలుగా విడగొట్టి, ముందున్న రైలు ఆ భాగం ఖాళీ చేశానని చెప్పేదాకా వెనకది కదలకూడదని రాయాలి. ఒక భాగంలో ఒక్కటే రైలు ఉండాలన్నది మన రైల్వేలు తరతరాలుగా పాటిస్తున్న నియమమే. దాన్ని ఇంటి హాల్లో పిల్లలు మళ్లీ కనిపెడతారన్నమాట.

ఆ పోలిక అక్కడితో అయిపోలేదు. రైళ్లు ఢీకొనకుండా కాపాడేందుకు మనదేశంలో తయారైన 'కవచ్' వ్యవస్థని మొదట పరీక్షించింది దక్షిణ మధ్య రైల్వేలోనే. లింగంపల్లి - వికారాబాద్ - వాడి, వికారాబాద్ - బీదర్ మార్గాల్లో 2016 ఫిబ్రవరిలో ప్రయాణికుల రైళ్లమీద ప్రయోగాలు మొదలయ్యాయి. 2022 మార్చి 4న గుల్లగూడ - చిటిగిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి స్వయంగా ఇంజిన్ ఎక్కి దాని పనితీరు చూశారు. అందులో పట్టాల మధ్య స్లీపర్లకు చిన్న ట్యాగులు బిగిస్తారు. ఇంజిన్ అడుగునుండే రీడర్ వాటిని చదివి రైలు ఎక్కడుందో తెలుసుకుంటుంది. సిగ్నల్ సమాచారం రేడియో ద్వారా అందుతుంది. ఎర్రదీపం ఉన్నా డ్రైవరు బ్రేకు వేయకపోతే కవచ్ తానే వేస్తుంది. అసలు రైలులో వందల ప్రాణాలుంటాయి కాబట్టి ఒకటి విఫలమైతే కాపాడేందుకు మరొకటి చొప్పున ఎన్నో జాగ్రత్తలుంటాయి. బొమ్మ రైలుకు అవేవీ ఉండవు. కానీ పట్టాల మధ్య గుర్తు పెట్టి, రైలు అడుగునుంచి చదివి, మనిషి మరిచినా యంత్రం ఆగేలా చేయాలన్న ఆలోచన రెండింట్లోనూ ఒక్కటే. సిగ్నలింగ్ సిబ్బందికి శిక్షణిచ్చే రైల్వే సంస్థ 'ఇరిసెట్' ఉన్నదీ సికింద్రాబాద్‌లోనే.

ఆట నుంచి అవసరానికి

2014లో కాలిఫోర్నియాలో ఉండే భారత సంతతి బాలుడు శుభం బెనర్జీకి అంధులు ఎలా చదువుతారన్న సందేహం వచ్చింది. బ్రెయిలీ ప్రింటర్ల ధర కనీసం రెండువేల డాలర్లు ఉంటుందని తెలిసి ఆశ్చర్యపోయాడు. సుమారు 350 డాలర్ల ఈవీ3 కిట్‌తో కాగితం మీద చుక్కలు పొడిచే ప్రింటర్‌ని తయారుచేసి 'బ్రైగో' అని పేరు పెట్టాడు. అప్పటికి అతని వయసు పన్నెండేళ్లు. ఎలా చేశాడో ఆ వివరాల్ని అందరికీ ఉచితంగా పంచాడు. అదే ఏడాది బ్రిటన్‌లో మైక్ డాబ్సన్, డేవిడ్ గిల్డే ఈవీ3 ఇటుకలు, ఓ స్మార్ట్‌ఫోన్ కలిపి చేసిన రోబో రూబిక్ క్యూబ్‌ని 3.253 సెకన్లలో సరిచేసి రికార్డు సృష్టించింది. గూగుల్‌ని స్థాపించిన ల్యారీ పేజ్ కాలేజీ రోజుల్లో లెగో ఇటుకలతో ప్రింటర్ చేశారు. స్టాన్‌ఫర్డ్‌లో గూగుల్ తొలినాళ్ల హార్డ్‌డిస్కుల్ని పెట్టిన పెట్టె కూడా ఇటుకలతో కట్టిందే. పిల్లల రోబో పోటీలూ ఏటా జరుగుతుంటాయి. 2016లో వరల్డ్ రోబో ఒలింపియాడ్ అంతర్జాతీయ పోటీలకు ఢిల్లీ ప్రాంతమే వేదికయ్యింది.

మొదలుపెట్టేదెలా?

ఇదంతా బాగుంది, ధర మాటేమిటి అంటారా? నిజమే. లెగో రోబో కిట్లు మధ్యతరగతి ఇంటికి బరువే. అందుకే కొనేముందు కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

బ్లూటూత్ హబ్ ఉన్న రైలుగానీ రోబోగానీ ఇప్పటికే ఇంట్లో ఉంటే కొత్తగా కొనాల్సిందేమీ లేదు. కంప్యూటర్లో క్రోమ్ బ్రౌజర్ తెరిచి, పైబ్రిక్స్ వెబ్‌సైట్ నుంచే హబ్‌లోకి సాఫ్ట్‌వేర్ ఎక్కించొచ్చు. కొద్ది నిమిషాల పని. పైథాన్‌లో టైపు చేసి రాసుకునేవాళ్లకు ఖర్చేమీ ఉండదు. నచ్చకపోతే లెగో యాప్‌తో మళ్లీ పాత సాఫ్ట్‌వేర్‌ని తెచ్చుకోవచ్చు. అది ఎక్కుతున్నప్పుడు మాత్రం బ్యాటరీలు నిండుగా ఉండాలి.

టైపు చేయడం రాని చిన్నపిల్లలకు 'స్క్రాచ్' ఉంది. ఎంఐటీ 2007లో విడుదల చేసిన ఈ ఉచిత ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో రంగు దిమ్మెల్ని పేర్చితే ప్రోగ్రామవుతుంది. 2019లో వచ్చిన మూడో వెర్షన్ ఈవీ3 లాంటి లెగో రోబోల్నీ ఆడిస్తుంది. రోబో లేకపోయినా పర్వాలేదు, తెరమీది పిల్లిని నడిపించడం నేర్చుకుంటే సగం పని అయిపోయినట్టే.

లెగో అసలే లేకపోతే..? ఇటలీలో 2005లో పుట్టిన ఆర్డుయినో బోర్డు ఉంది. సాఫ్ట్‌వేరే కాదు, బోర్డు నమూనా కూడా ఓపెన్‌సోర్సే. అందుకే దాన్ని ఎవరైనా తయారుచేసి చవగ్గా అమ్మొచ్చు. నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబుల్లో ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లలకు ఇలాంటి బోర్డులు, సెన్సర్లు అందుబాటులో ఉంటాయి. తెలుగు రాష్ట్రాల్లోనూ చాలా స్కూళ్లలో ఈ ల్యాబులున్నాయి. మీ పిల్లల బడిలో ఉందేమో, ఉంటే దాని తాళం వారానికి ఎన్నిసార్లు తీస్తున్నారో ఓసారి అడిగి చూడండి.

ఇక తల్లిదండ్రులు చేయాల్సింది ఒక్కటే. రైలు ఆగకుండా వెళ్లిపోయి గోడకు గుద్దుకున్నప్పుడు గబుక్కున చెయ్యి పెట్టి సరిచేయకండి. 'నువ్వు దానికేం చెప్పావు, అదేం చేసింది' అని మాత్రం అడగండి. మిగతాది రైలే నేర్పుతుంది!